స్లాబ్ సెరిఫ్

స్లాబ్ సెరిఫ్ అనేది రోమన్ లిపికి చెందిన అచ్చు అక్షరాలలో ఒక తరగతి. అక్షరంలోని ప్రధాన గీతలు ముగిసేచోట అడ్డంగా కనిపించే చిన్న పట్టీని సెరిఫ్ అంటారు. సాధారణంగా పుస్తకాలలో వాడే అక్షరాలకు ఈ పట్టీ సన్నగా, కొసకు పోయేకొద్దీ మొనదేలి ఉంటుంది. స్లాబ్ సెరిఫ్ అక్షరాలలో మాత్రం అది రాతి పలకలాగా మందంగా, నలుచదరపు అంచులతో, నిలువు గీతకు దాదాపు సమానమైన లావుతో ఉంటుంది. అందుచేత ఈ అక్షరాలు పీట మీద నిలబెట్టినట్లు కనిపిస్తాయి. వీటిలో బొద్దు రకాలను ముఖ్యంగా గోడపత్రికలు, పత్రికా శీర్షికలు, దుకాణాల బోర్డులు, వాణిజ్య చిహ్నాల కొరకు ఉపయోగిస్తారు. సోనీ, హోండా సంస్థల పేర్లు రాసే తీరు ఈ తరగతికి మనకు బాగా పరిచయమైన ఉదాహరణలు.

తెలుగు అక్షరాలకు రోమన్ అక్షరాలవలె పాదాలు లేవు. కాబట్టి స్లాబ్ సెరిఫ్ అన్నది తెలుగులో యథాతథంగా ఉండే వీలు లేదు. అయినా శీర్షికల కొరకు బొద్దు అక్షరాల అవసరం తెలుగుకూ ఉన్నది. ఆ బొద్దుదనం ఎక్కడినుండి తేవాలి, ఎంతవరకు తేవచ్చు అన్న విషయం ఈ వ్యాసపు రెండవ భాగంలో వివరించబడింది.

పుట్టుక

పద్దెనిమిదవ శతాబ్దం చివరివరకు ఐరోపాలో అచ్చు అక్షరాలను తయారుచేసినవారి దృష్టి అంతా పుస్తకాలమీదనే ఉండేది. పారిశ్రామిక విప్లవంతో లండన్ వంటి నగరాలలో సరుకుల ప్రకటనలు, లాటరీ పత్రాలు, నాటకాల కరపత్రాలు పెరిగాయి. దారిన పోయేవాడి కన్ను పట్టి ఆపవలసిన అక్షరం, చేతిలో పట్టుకుని చదువుకునే అక్షరంలా ఉంటే సరిపోదు. మొదట ఉన్న అక్షరాలనే లావు చేసి చూశారు. లావు గీతలు ఇంకా లావయ్యాయి కానీ సన్న గీతలు సన్నగానే మిగిలిపోయి, దూరం నుండి చూస్తే అక్షరం ముక్కలుగా కనిపించేది. సన్న గీతలను, సెరిఫ్‌లను కూడా లావు చేయడమే దీనికి పరిష్కారమైంది.

లండన్‌కు చెందిన విన్సెంట్ ఫిగ్గిన్స్ 1815-1817 మధ్య వెలువరించిన నమూనా పుస్తకంలో ఇటువంటి అక్షరాలను 'యాంటీక్' అన్న పేరుతో చూపాడు. అచ్చులో మనకు తెలిసిన తొలి స్లాబ్ సెరిఫ్‌లు ఇవే. వీటిలో పెద్దబడి అక్షరాలు మాత్రమే ఉండేవి.

కొద్ది సంవత్సరాలలోనే వీటికి 'ఈజిప్షియన్' అన్న పేరు స్థిరపడింది. నెపోలియన్ 1798లో ఈజిప్టు మీదికి దండెత్తిన తరువాత ఐరోపాలో ఆ దేశపు కట్టడాలపట్ల, వస్తువులపట్ల మోజు ప్రబలింది. కొత్తగా, భారీగా కనిపించేదానికల్లా ఈజిప్టు పేరు తగిలించడం ఆనాటి వాడుక. అంతకుమించి ఈ అక్షరాలకూ ఈజిప్టు లిపికీ సంబంధమేమీ లేదు. విచిత్రమేమంటే 1816 ప్రాంతంలో కాస్లన్ అక్షరశాల 'ఈజిప్షియన్' పేరుతో చూపిన అక్షరాలకు అసలు సెరిఫ్‌లే లేవు. అందువలన పాత నమూనా పుస్తకాలు చదివేవారు ఈ పేరు చూసి పొరబడే అవకాశం ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దంలో కూడా ఈ సంప్రదాయం కొనసాగి మెంఫిస్, కార్నాక్, కైరో వంటి పేర్లతో స్లాబ్ సెరిఫ్‌లు వెలువడ్డాయి.

క్లారెండన్

1845లో లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ అక్షరశాల తరపున రాబర్ట్ బెస్లీ 'క్లారెండన్' అనే అక్షరశైలిని నమోదు చేయించాడు. దీని పోతలను చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. ఇందులో పలక నేరుగా గీతకు అతికించినట్లుగాక, చిన్న వంపుతో గీతలో కలిసిపోతుంది. లావు, సన్న గీతల మధ్య కొంత తేడాకూడా ఉంటుంది. దీనివలన చిన్న సైజులో సైతం చదవడానికి అనువుగా ఉండి, నిఘంటువులలో ఆరోపాలను మిగిలిన పాఠంనుండి వేరుచేసి చూపడానికి పనికివచ్చింది. ఒక వాక్యంలో ఒక్క మాటను బొద్దుగా చూపడం ఈనాడు మనకు ఒక మీట నొక్కినంత సులభం. అప్పటికి అది కొత్త ఆలోచన. క్లారెండన్‌కు చట్టం ఇచ్చిన రక్షణ మూడు సంవత్సరాలే. ఆ గడువు తీరగానే ఇతర అక్షరశాలలు దానిని విరివిగా అనుకరించాయి.

చెక్క అక్షరాలు, టైపు మిషను

సీసపు అక్షరాలను చాలా పెద్ద సైజులో పోయడం కష్టం. బరువెక్కుతాయి, చల్లారేటప్పుడు పైభాగం గుంటపడుతుంది. న్యూయార్కులో డేరియస్ వెల్స్ 1827లో చెక్కను కోసే యంత్రంతో పెద్ద అక్షరాలను తయారుచేయడం మొదలుపెట్టి, మరుసటి సంవత్సరం నమూనా పుస్తకం వెలువరించాడు. చెక్కలో సన్నని మొనలు విరిగిపోతాయి కనుక మందపాటి పలకలున్న అక్షరాలు దానికి బాగా నప్పాయి. అమెరికా పశ్చిమ ప్రాంతాల కథలతో తీసిన సినిమాలలో గోడకు అంటించిన 'పట్టిచ్చినవారికి బహుమతి' ప్రకటనలలో కనిపించే అక్షరాలు ఈ కోవలోనివే.

ఇరవయ్యవ శతాబ్దంలో జ్యామితి కొలతలతో గీసిన స్లాబ్ సెరిఫ్‌లు వచ్చాయి. 1929లో రుడాల్ఫ్ వోల్ఫ్ గీసిన మెంఫిస్, 1930లో గేయోర్గ్ ట్రుంప్ గీసిన సిటీ, 1934లో మోనోటైప్ సంస్థ వెలువరించిన రాక్‌వెల్ వీటిలో ప్రసిద్ధమైనవి. 1956లో పాల్ రాండ్ రూపొందించిన ఐబీఎం చిహ్నానికి సిటీ అక్షరాలే ఆధారం. ఇప్పుడు కనిపించే ఎనిమిది చారలు 1972లో చేరాయి.

టైపు మిషనుకు ఈ అక్షరాలు పనికిరావడానికి కారణం వేరు. ఆ యంత్రంలో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు. రోమన్ లిపిలోని 'ఐ', 'ఎల్' అక్షరాలు (చిన్నబడిలో) ఒంటిగీతలు. వాటికి 'ఎమ్' అక్షరమంత చోటు ఇస్తే రెండువైపులా ఖాళీ మిగిలిపోతుంది. పొడవైన అడ్డపట్టీలు ఆ ఖాళీని నింపుతాయి. 1950లలో ఐబీఎం టైపు మిషన్ల కొరకు హోవర్డ్ కెట్లర్ రూపొందించిన కొరియర్ ఇందుకు ఉదాహరణ. అంటే పలక అన్నిచోట్లా బొద్దుదనానికే రాలేదు, కొన్నిచోట్ల ఖాళీ పూడ్చడానికి వచ్చింది.

అంతర్జాలంలో స్వేచ్ఛగా దొరికే బొద్దు స్లాబ్ సెరిఫ్ ఖతులలో (ఖతి అనగా ఫాంటు) బెవాన్, ఆల్ఫా స్లాబ్ వన్, చంక్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వెర్నన్ ఆడమ్స్ గీసిన బెవాన్‌కు మూలం 1930లనాటి హైన్రిఖ్ యోస్ట్ అక్షరాలు.

తెలుగు లిపిలో పరిస్థితి

తెలుగు అచ్చు అక్షరాల చరిత్ర చిన్నదేమీ కాదు. బెంజమిన్ షుల్జ్ 1746-47లో జర్మనీలోని హాలె పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. 1814లో శ్రీరాంపూరులో విలియం కేరీ వ్యాకరణం, 1816లో మద్రాసులో ఎ.డి.కాంబెల్ వ్యాకరణం అచ్చయ్యాయి. అయితే అచ్చుకు ముందు తెలుగు అక్షరం రూపుదిద్దుకున్నది తాటాకు మీద, గంటంతో. గంటపు మొన గీసే గీత అన్నివైపులా ఒకే మందంతో ఉంటుంది. అడ్డంగా నిటారైన గీత గీస్తే ఆకు ఈనె వెంబడి చీలే ప్రమాదమున్నందున అక్షరాలు గుండ్రదనం సంతరించుకున్నాయని సాధారణంగా చెబుతారు. ఉలితో రాతిమీద చెక్కిన రోమన్ అక్షరానికి పాదం వచ్చినట్లు, గంటంతో గీసిన తెలుగు అక్షరానికి పాదం రాలేదు.

ఖతుల పేర్లలో 'సెరిఫ్' అన్న మాట చూసి విద్యార్థులు తికమకపడుతుంటారు. ఉదాహరణకు నోటో సెరిఫ్ తెలుగు, నోటో శాన్స్ తెలుగు అని రెండు ఖతులున్నాయి. మొదటిదానిలో గీతలు ఒకచోట లావుగా, మరొకచోట సన్నగా ఉంటాయి. రెండవదానిలో గీత మందం దాదాపు ఒకేలా సాగుతుంది. రోమన్ అక్షరాల పక్కన పెట్టినప్పుడు జోడీ కుదరడానికి పెట్టుకున్న పేర్లు మాత్రమే ఇవి. తెలుగు అక్షరానికి మొదటిదానిలోనూ పాదాలు ఉండవు. ఈ తేడా అంతకుముందే తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా అందించిన పోతన, వేమన ఖతులలో కూడా చూడవచ్చును.

తలకట్టు సెరిఫ్ కాదు

తెలుగు అక్షరంలో సెరిఫ్‌కు దగ్గరగా కనిపించేది తలకట్టు. పలకను కింద పెట్టే వీలు లేనప్పుడు తలకట్టునే మందపాటి పలకగా మారిస్తే సరిపోదా అన్న ఆలోచన ఎవరికైనా కలుగుతుంది. పైకి సబబుగా తోచే ఈ ఆలోచన ఆచరణలో నిలవదు. సెరిఫ్ అలంకారం, తీసివేసినా అక్షరం మారదు. తలకట్టు అటువంటిది కాదు. హల్లుకు ఆ, ఇ, ఏ వంటి అచ్చులు చేరితే తలకట్టు తొలగి, దాని చోట గుడి, ఏత్వం, దీర్ఘం వంటి గుర్తు వస్తుంది. పైగా ఖ, జ, ట, ణ, బ, ల, ఱ వంటి అక్షరాలకు మొదటినుండీ తలకట్టు లేదు. కాబట్టి తలకట్టును పలకగా చేస్తే మాటలో కొన్ని అక్షరాలకు టోపీ ఉండి, కొన్నిటికి లేక, వరుస ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. అందం కొరకు అన్నిటికీ పలక పెడితే తెలుగే తప్పు అవుతుంది.

ఒక ఊరి పేరుతో పరిశీలన

చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం పేరును ఉదాహరణగా తీసుకుందాము. వేణుగోపాలస్వామి ఆలయంతోనూ, ఆ స్వామి పేరిట పదాలు రచించిన సారంగపాణితోనూ ప్రసిద్ధి పొందిన ఈ పూర్వ సంస్థానపు ఊరి పేరులో, బోర్డు రాసేవారికి ఎదురయ్యే చిక్కులు చాలావరకు ఒకేచోట దొరుకుతాయి.

రోమన్ లిపిలో ఈ పేరుకు పద్నాలుగు అక్షరాలు కావాలి. పెద్దబడిలో రాస్తే పద్నాలుగూ ఒకే ఎత్తు. స్లాబ్ సెరిఫ్‌లో రాస్తే వాటి పాదాలన్నీ ఒకే గీత మీద వరుసగా నిలిచి, కింద మెట్టు కట్టినట్లుంటుంది. పైన, కింద ఏమీ మిగలదు కనుక బోర్డు ఎత్తునంతా అక్షరమే ఆక్రమించవచ్చును.

తెలుగులో కా, ర్వే, టి, న, గ, రం అని ఆరు అక్షరాలే. కానీ అవి మూడు అంతస్తులలో ఉంటాయి. 'ర్వే' అన్నదానిలో నడుమ ర, దాని తలమీద ఏత్వం, అడుగున వకారపు ఒత్తు. ఈ ఒక్క ఒత్తుకు కింద చోటు వదలాలి కాబట్టి మిగిలిన ఐదు అక్షరాలూ ఆ మేరకు చిన్నవి కావలసిందే. ఎత్తు చాలని బోర్డు మీద రాసేవారు సాధారణంగా చేసే పని ఒత్తును కుదించి, పై అక్షరానికి అతికించడం. బొద్దు అక్షరాలలో అప్పుడు ఒత్తు ఒక ముద్దగా మారి 'కారేటినగరం' అని చదవవలసివస్తుంది. ఊరు తెలిసినవాడికి ఇబ్బంది లేదు, బోర్డు అవసరమైనది తెలియనివాడికే కదా.

తలకట్టు విషయం చూస్తే, ఆరు అక్షరాలలో న, గ, ర మూడింటికే అది ఉన్నది. మూడూ మాట చివరిభాగంలోనే ఉన్నాయి. తలకట్టును పలకగా మార్చితే 'నగరం' ఒక శైలిలో, 'కార్వేటి' మరొక శైలిలో రాసినట్లు తోస్తుంది.

ఇక లోపలి ఖాళీల సంగతి. గీత లావెక్కేకొద్దీ అక్షరం లోపలి ఖాళీ తగ్గుతుంది. రోమన్ లిపిలో అటువంటి మూసిన ఖాళీలున్న అక్షరాలు తక్కువ. తెలుగులో ర, సున్న రెండూ వలయాలే. 'రం' పక్కపక్కన రెండు వలయాలు. టికి పైన ఉన్న గుడిలో మరొక చిన్న ఖాళీ. గుడి పూడిపోతే గుడిదీర్ఘంతో తేడా తెలియదు. ఏత్వం కొస కొక్కెం కనబడకపోతే ఎత్వంగా పొరబడతారు. ఇదే చిక్కు ద, ధ, థలకు మరింత తీవ్రం. ఈ మూడింటి మధ్య తేడా అడుగున ఒక చిన్న గీత, లోపల ఒక చుక్క మాత్రమే. ప, ఫ, షల సంగతీ అంతే. శీర్షికలో 'ధనం' అన్నది 'దనం' అయితే అది అందానికి సంబంధించిన లోపం కాదు, అక్షరదోషం.

పాత ముద్రణలలో ఈ పేరు కొంత సులువుగా కుదిరేది. అప్పట్లో హల్లుకు ముందు వచ్చే పొల్లు రకారాన్ని వలపలగిలక అనే గుర్తుతో ఆ హల్లు తరువాత వరుసలోనే రాసేవారు. అలా రాస్తే ఈ పేరులో ఒత్తు ఉండదు, కింది అంతస్తు అవసరమే పడదు. వలపలగిలక వాడుక తప్పిన తరువాత చోటు ఆదా చేసే ఆ మార్గం కూడా పోయింది.

కార్వేటినగరం తమిళనాడు సరిహద్దుకు దగ్గరలో ఉన్నది. ఈ ప్రాంతంలో తెలుగు, తమిళ అక్షరాలు ఒకే గోడ మీద కనిపించడం మామూలే. తమిళంలో క, ట, ప వంటి అక్షరాలకు నిలువు, అడ్డ గీతలు ప్రధానం. ట అయితే నిలువు గీత, దానికి అడుగున అడ్డగీత మాత్రమే. సంయుక్తాక్షరాలను కింద ఒత్తుగా రాయక, చుక్క పెట్టి వరుసలోనే రాస్తారు. అందుచేత మొద్దు కొసలతో, మందపాటి గీతలతో రాసిన తమిళం రోమన్ స్లాబ్ సెరిఫ్ పక్కన తేలికగా ఒదుగుతుంది. అదే లావు తెలుగుకు ఇస్తే ఒదగదు. బోర్డు మీద రెండు లిపులకూ ఒకే గీత మందం ఉండాలని పట్టుబట్టడం తెలుగుకు నష్టం.

తెలుగులో శీర్షికల ఖతులు

కంప్యూటర్లు రాకముందు కథల పేర్లను, సినిమా పేర్లను చిత్రకారులు చేతితో గీసేవారు. అక్కడ ప్రతి మాటకూ ప్రత్యేకంగా కొలత మార్చుకునే వెసులుబాటు ఉండేది. ఒత్తు ఉన్నచోట పై అక్షరాన్ని కొంచెం పైకి జరపవచ్చు, పక్క అక్షరం ఖాళీలోకి ఒత్తు తోకను పోనివ్వవచ్చు. బాపు (1933-2014) రాసిన శీర్షికలలో ఈ నేర్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన చేతిరాతను అనుసరించి ఖతులు కూడా వచ్చాయి. అయితే ఖతిలో అక్షరం ప్రతిసారీ ఒకే రూపంతో వస్తుంది కనుక చేతిరాతలోని సర్దుబాటు అందులో రాదు.

యూనికోడ్ వ్యాప్తి తరువాత తెలుగులో బొద్దు ఖతుల కొరత కొంత తీరింది. సిలికానాంధ్ర సంస్థ విడుదల చేసిన స్వేచ్ఛా ఖతులలో చాలావాటిని పురుషోత్ కుమార్ గుత్తుల 2013 ప్రాంతంలో రూపొందించారు. వీటిలో కొన్నిటికి అష్టదిగ్గజ కవుల పేర్లు పెట్టారు. ఈ ప్రాంతపు కవియైన శ్రీకాళహస్తి ధూర్జటి పేరుతోనూ ఒక ఖతి ఉన్నది. అయ్యలరాజు రామభద్రుని పేరిట వెలువడిన రామభద్ర శీర్షికలకు, గోడపత్రికలకు ఉద్దేశించిన లావైన ఖతి. ముంబైకి చెందిన ఏక్ టైప్ బృందం పలు భారతీయ లిపులలో తయారుచేసిన బాలూ కుటుంబంలో తెలుగు ఖతి పేరు బాలూ తమ్ముడు. ఇది కూడా లావైనదే. కానీ దీని గీతల కొసలు గుండ్రంగా ఉంటాయి, స్లాబ్ సెరిఫ్ చదరపు కొసలకు ఇది పూర్తిగా వ్యతిరేక మార్గం. తెలుగు అక్షరపు వంపులకు ఈ గుండ్రని కొసలే సహజంగా అతికాయని చెప్పవచ్చును. నోటో సెరిఫ్ తెలుగులో అతి సన్నం నుండి అతి లావు వరకు పలు మందాలు లభిస్తాయి. స్లాబ్ సెరిఫ్ ఇంగ్లీషు శీర్షిక పక్కన తెలుగు పెట్టవలసివస్తే దీనికంటే, గీత మందం సమంగా ఉండే నోటో శాన్స్ తెలుగులోని లావు రకం బాగా కుదురుతుంది. ఎందుకంటే స్లాబ్ సెరిఫ్ ప్రధాన లక్షణం పలక ఒక్కటే కాదు, లావు సన్నాల తేడా లేకపోవడం కూడా.

వాడకంలో గమనించవలసినవి

ఖతికి బొద్దు రూపం లేనప్పుడు బొద్దు మీట నొక్కితే, చాలా సాఫ్టువేర్లు మామూలు అక్షరం చుట్టూ గీతను కృత్రిమంగా ఉబ్బిస్తాయి. రోమన్ అక్షరాలలో ఇది పెద్దగా తెలియదు. తెలుగులో గుడి, సున్న, ఒత్తు మూడూ పూడుకుపోతాయి. అసలైన బొద్దు ఖతిలో రూపశిల్పి లోపలి ఖాళీలను ముందే పెద్దవి చేసి, ఒత్తు గీతను కొంచెం సన్నం చేసి ఉంటాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి 'ధ్వని', 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలు రాసి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. ఖతిని ఎంచుకునేముందు ఈ మాటలతో పరీక్షించడం మంచిది. 'అమల', 'కమల' వంటి మాటలతో ఏ ఖతి అయినా బాగానే కనిపిస్తుంది.

వరుసల మధ్య దూరం మరొక విషయం. రోమన్ స్లాబ్ సెరిఫ్ శీర్షికలలో వరుసలను దగ్గరగా పేర్చి దిమ్మెలాగా చూపడం పరిపాటి. అదే కొలతను తెలుగుకు పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుళ్ళకు తగులుతాయి, వెబ్ పేజీలలో అయితే ఒత్తు కింది భాగం తెగిపోవడం కూడా కద్దు. 'రాష్ట్రం' వంటి రెండు ఒత్తుల మాట ఉన్న శీర్షికకు మరింత ఎక్కువ దూరం కావాలి. గోడమీద రంగుతో రాసేవారు తాము రాయబోయే మాటలో ఒత్తులెన్ని ఉన్నాయో ముందుగా చూసుకుని, ఆ తరువాతే గీతలు గీసుకుంటారు.